పెదనాన్న వెనక్కి తీసుకున్న మాట

శనివారం సంత కోసం తల్లీ కూతుళ్లిద్దరూ వంటింట్లో ఎగ్ రోల్స్ చుడుతున్నారు. కజువా చేతులనిండా క్యాబేజీ తురుమూ పంది కైమా. ఫోన్ మోగితే మోచేత్తో నొక్కి స్పీకర్‌లో పెట్టింది. అవతలి గొంతు ఎంత మర్యాదగా ఉందంటే, ఇన్సూరెన్స్ అమ్మేవాడనుకుని పెట్టేయబోయింది.

"కజువా లోర్ గారేనా? నా పేరు హాల్వర్సన్ అండీ. మన ఊరి పోలీసు డిటెక్టివ్‌ని. కంగారు పడాల్సిందేం లేదు."

పోలీసు కంగారు పడొద్దన్నాడంటే అది కంగారు పడాల్సిన విషయమేనని కజువాకి అనుభవం మీద తెలుసు.

"నది ఒడ్డున ఉన్న బారు వాళ్లు, తలుపు దగ్గర వయసు చూసేటప్పుడు పట్టుకున్న దొంగ కార్డులన్నీ ఒక పెట్టెలో వేసి మాకు అప్పగించారు. అందులో మీ పాత డ్రైవింగ్ లైసెన్సు కూడా ఉంది. ఎవరో చిన్నమ్మాయి అది చూపించి లోపలికి పోబోయిందట. మీరది పోగొట్టుకున్నారా, ఎవరికైనా ఇచ్చారా, అదొక్కటే తెలుసుకుందామని. వీలు చూసుకుని ఓసారి స్టేషన్‌కి వస్తారా?"

"నేను మళ్లీ ఫోన్ చేస్తానండీ" అంది కజువా.

"అలాగే, తొందరేం లేదు" అన్నాడాయన. వాతావరణం గురించి కూడా ఓ మాట అన్నాడు. ఈ విస్కాన్సిన్ వాళ్లంతే, ఉరితీసే ముందు కూడా ఈ ఏడాది మంచు తొందరగా పడేటట్టుందే అంటారు.

తల్లికి ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ పోలీస్ అన్న మాటకి తర్జుమా అక్కర్లేదు. ఆవిడ చుడుతున్న రోల్ మధ్యలో చిరిగిపోయింది. దాన్ని పక్కన పెట్టి, "ఈసారి ఎవరికిచ్చావే?" అనడిగింది. ఏం చేశావని కాదు, ఎవరికిచ్చావని. కూతుర్ని అంత బాగా ఎరిగిన మనిషి.

ఇచ్చింది చెల్లెలికి. ఆ ఇంట్లో ఏ వస్తువూ ఒక్క ఆడపిల్లతో ఆగదు. కొత్త సంవత్సరం పండక్కి కట్టే వెండి నాణేల దుస్తులు పిన్ని నుంచి కజువాకి, కజువా నుంచి పాన్యాకి వచ్చాయి. చలికోటూ అంతే, సైకిలూ అంతే. ఇల్లు మారినప్పుడు కజువాకి కొత్త లైసెన్సు వచ్చింది, పాతది సొరుగులో మిగిలిపోయింది. పాన్యా కాలేజీలో చేరి రెండేళ్లు దాటింది, బారులో అడుగు పెట్టే వయసింకా రాలేదు, స్నేహితురాళ్లందరికీ వచ్చేసింది. పోయిన పండక్కి అక్క దగ్గర చేరి గారాలు పోయింది. "తెల్లవాళ్లకి మనమంతా ఒకేలా కనిపిస్తాం కదే అక్కా, ఇన్నాళ్లకి అదో పనికొచ్చింది" అంది. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. కజువా సొరుగు తీసి కార్డిచ్చింది.

ఇచ్చేనాటికే ఆమె ప్రొబేషన్‌లో ఉంది. అదీ అసలు తంటా.

అంతకుముందు ఆమె ఒక సూపర్ మార్కెట్ కౌంటర్లో కూర్చునేది. మేనత్తలూ, పిన్నులూ, వాళ్ల కోడళ్లూ పక్క వరుసలు ఖాళీగా ఉన్నా ఈమె వరుసలోనే నిలబడేవారు. బుట్టలో సగం బిల్లు మిషన్ మీద కీచుమనేది, మిగతా సగం నిశ్శబ్దంగా సంచిలోకి జారిపోయేది. పుట్టినప్పుడు తన ముంజేతికి దారం కట్టి ఆశీర్వదించిన మేనత్త, నూనె డబ్బా ముందుపెట్టి చిరునవ్వు నవ్వితే ఏమనాలి? కజువాకి తెలియలేదు. కెమెరాకి ఆ మొహమాటం లేదు. కేసైంది. జడ్జి ఆమె వయసు చూసి జైలుకి పంపకుండా, ఒక ఏజెంటు నిఘాలో బయట బతికే రెండేళ్ల ప్రొబేషన్ వేశాడు. ఆ రెండేళ్లూ మచ్చ లేకుండా గడిస్తే నేరం రికార్డులోంచి చెరిపేస్తానన్నాడు. చెరిగితేనే నర్సింగ్ చదువులో చేర్చుకుంటారు. దొంగతనం కేసున్న మనిషిని మందుల గదిలోకి ఎవరు రానిస్తారు? కజువా ముందున్న బతుకంతా ఆ చెరిపేయడం మీద ఆధారపడి ఉంది, గడువు ముగియడానికి ఇంకో చలికాలమే మిగిలింది.

ప్రభుత్వం ఆమె తరఫున పెట్టిన లాయరు ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చింది. "డిటెక్టివ్‌తో నోరు విప్పకు. అది నీ హక్కు. పోలీసులు పిలిచారన్న సంగతి మాత్రం నీ ప్రొబేషన్ ఏజెంటుకి చెప్పక తప్పదు, అది నీ షరతు. ఆవిడతో అబద్ధం ఆడావో, నేనేం చేయలేను."

సాయంత్రానికి పాన్యా కాలేజీ నుంచి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అక్కా, నేనే చెప్పేస్తా. సొరుగులోంచి నీకు తెలీకుండా తీశానంటా. నాకో జరిమానా టికెట్ రాస్తారు, పొమ్మంటారు. మా క్లాసులో సగం మందికి రాశారు."

"అబద్ధం కదే."

"సొరుగులోంచి వచ్చిందా లేదా?"

"వచ్చింది."

"మరింకేం? తీసిన చెయ్యి ఎవరిదో సొరుగు సాక్ష్యం చెప్పదు."

కజువాకి నవ్వొచ్చింది, వెంటనే నవ్వు వచ్చినందుకు చిరాకూ వచ్చింది. పథకం బాగానే ఉంది. చెల్లెలు ఒప్పుకుంటుంది, తను నోరు మూసుకుంటుంది, ఎవరికీ నష్టం లేదు. అక్కడితో ఆగితే ఈ కథ ఇక్కడే ముగిసేది. కానీ ఈలోపే తల్లి పెదనాన్నకి కబురు పెట్టేసింది.

కబురు పెట్టకుండా ఎలా ఉంటుంది? తండ్రి పోయాక ఆ ఇంటికి ఆయనే దిక్కు. తండ్రి అన్నగారు, పేరు చెర్‌పావ్. ఊరి బయట జిన్సెంగ్ తోట ఉంది, నల్లటి నీడ గుడ్డల కింద ఖరీదైన ఆ మందు వేర్లు పండిస్తాడు. ఇంగ్లీషు తోట పనికీ బేరానికీ సరిపోయేంత వచ్చు. ఆగ్నేయాసియా కొండల నుంచి వలస వచ్చి ఆ ఊళ్లో స్థిరపడ్డ మోంగ్ వాళ్లలో, లోర్ ఇంటిపేరున్న అందరికీ ఆయన మాటే తీర్పు. మొగుడూ పెళ్లాల గొడవైనా, కారు గుద్దిన తగువైనా, పిల్ల లేచిపోయిన పంచాయితీ అయినా ఆయన వంటింటి బల్ల దగ్గర తేలిపోవాలి. కోర్టు దాకా పోతే అది లోర్ వాళ్లకి నామోషీ.

ఆ బల్ల దగ్గరి పద్ధతి అందరికీ తెలిసిందే. తప్పు చేసినవాళ్లు అవతలివాళ్లు అడగకముందే ఒప్పుకోవాలి. తప్పు పిల్లలదైతే ఇంటి పెద్ద అవతలివాళ్ల గుమ్మానికి వెళ్లి తలవంచి, మావాళ్లదే తప్పు, మన్నించండి అనాలి. అన్నాక అవతలివాళ్లు చేతులు కలపాలి. కలిపాక ఆ విషయం మళ్లీ ఎత్తకూడదు. ఈ పద్ధతిలో ఎన్నో కాపురాలు నిలబడ్డాయి, ఎన్నో కత్తులు ఒరలోనే ఉండిపోయాయి.

ఆయన వచ్చి కూర్చుని, ఉడికించిన పంది మాంసం, ఆవకూర పులుసు నెమ్మదిగా తిని, చెయ్యి కడుక్కుని అప్పుడు అడిగాడు.

"ఎవరిచ్చారు?"

"నేనే ఇచ్చాను పెదనాన్నా" అంది కజువా. ఆయన ముందు ఆ జవాబు తప్ప ఇంకోటి నోట్లోంచి రాదు.

పాన్యా తన పథకం చెప్పింది. కజువా లాయరు మాట చెప్పింది. ఆయన అంతా విన్నాడు.

"మాట్లాడొద్దందా? లాయరా? మాట్లాడడానికి కాకపోతే ఆవిడున్నది ఎందుకు?"

"ఇక్కడ అదే తెలివి, పెదనాన్నా."

"సరేలే. మీరు గాభరా పడకండి. నేనున్నాను కదా." తలుపు దగ్గర ఆగి తల్లితో, "పులుసు బాగుందమ్మా" అన్నాడు. "మీ దయ బావగారూ" అందావిడ. ఆ రాత్రి ఆ ఇంట్లో అందరూ హాయిగా నిద్రపోయారు.

మర్నాడు సంతలో రోల్స్ వేడివేడిగా పోతుండగా పెదనాన్న వచ్చాడు. చావులకీ పెళ్లిళ్లకీ వేసే నల్ల సూటు వేసుకున్నాడు. అంగడి వెనక ఒక బకెట్ బోర్లించి కూర్చుని ఓ రోల్ అందుకున్నాడు.

"అయిపోయింది" అన్నాడు.

"ఏం అయిపోయింది పెదనాన్నా?"

"మీ పోలీసు గొడవ. పొద్దున్నే వెళ్లొచ్చాను. సెలవు రోజైనా ఆ హాల్వర్సన్ వచ్చాడు నాకోసం. మంచివాడే పాపం. కాఫీ ఇచ్చాడు. కాఫీ కాదనుకో, కుడితి."

కజువా చేతిలో పటకారు ఆగిపోయింది. "ఆయనతో ఏమన్నారు?"

"ఏమనాలో అదే అన్నాను. పెద్దది చిన్నదానికిచ్చింది, చిన్నది పుచ్చుకుంది, ఇద్దరూ మా పిల్లలే, బుద్ధి చెప్పలేకపోయిన తప్పు నాది, మన్నించు బాబూ అన్నాను. తలవంచాను. మన వేర్లు ఒక సంచీడు పట్టుకెళ్లాను, మేలు రకం."

"వేర్లు కూడానా" అని పాన్యా నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"పుచ్చుకోలేదు. వాళ్ల రూల్సు ఒప్పుకోవట. అయినా చెయ్యి కలిపాడు. గట్టిగా కలిపాడు. నేను చెప్పింది రాసుకున్నాడు కూడా."

"రాసుకున్నాడా?"

"ప్రతి ముక్కా. శ్రద్ధ ఉన్నవాడు" అన్నాడు పెదనాన్న తృప్తిగా. "ఇంకోటి పెట్టు, కారం ఎక్కువేసి."

కజువా ఇంకోటి పెట్టింది. ఆయన మొహంలో అంత వెలుగుంటే ఏం చెబుతుంది? పక్కకి తిరిగి గిన్నెలు సర్దుతున్నట్టు నటిస్తూ ఏడ్చింది. కోపంతో ఏడ్చింది. ఎవరు వెళ్లమన్నారీయన్ని? తనకి తెలిసిన ఒక్క మంత్రాన్ని, అది పారని చోట చదివొచ్చాడు.

సోమవారం హాల్వర్సన్ మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి వాతావరణం ఊసెత్తలేదు.

"మీ చెల్లెలు ఇవాళ పొద్దున్నే వచ్చి, కార్డు మీకు తెలియకుండా తనే తీశానని చెప్పింది. టికెట్ రాశాం, ఆ అమ్మాయి గొడవ తీరింది. మీ పెదనాన్నగారేమో మీరే ఇచ్చారన్నారు. అది నిజమైతే నేను మీ ఏజెంటుకి రాసి పంపాలి, తప్పదు. చూడండి, ఆయనది పెద్ద వయసు. ఇంగ్లీషు ఆయన భాష కాదు. నాకు సరిగ్గా అర్థమైందో లేదో నాకే అనుమానంగా ఉంది. మా దగ్గర తర్జుమా చేసే అబ్బాయి ఉన్నాడు. ఆయన ఇంకోసారి వచ్చి, తనకి సరిగ్గా తెలియదని, పొరబడ్డానని అంటే, నేను ఈ ఫైలు మూసేస్తాను. నిజం చెప్పాలంటే, మూసేయాలనే ఉంది."

మంచివాడే. పెదనాన్న మనుషుల్ని బాగానే అంచనా వేస్తాడు.

ఆ మధ్యాహ్నం కజువా తోటకి వెళ్లింది. తవ్వకాలు సాగుతున్నాయి. నీడ గుడ్డ కింద పెదనాన్న మోకాళ్ల మీద కూర్చుని వేర్లకంటిన మట్టి దులుపుతున్నాడు. వేరుకున్న చిన్న కొసలు విరిగితే ధర పడిపోతుంది, అందుకని ఆ పని ఎవరికీ ఇవ్వడు. ఆమె పక్కనే కూర్చుని తనూ ఓ వేరు తీసుకుని, ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఒప్పుకున్నాక ఇంకా శిక్షేంటి?" అన్నాడాయన.

"ఇక్కడ ఒప్పుకున్నాకే శిక్ష మొదలవుతుంది పెదనాన్నా."

"చెయ్యి కలిపాడే."

"ఇక్కడ అందరితోనూ కలుపుతారు."

ఆయన చేతిలో వేరు తిప్పి తిప్పి చూశాడు. సొంత మనిషికి ముల్లు తీయబోయి కన్ను పొడిచానని తెలిసిన మనిషి మొహం అది. కజువా అటు చూడలేకపోయింది.

"నా మాటకి నువ్వు జైలుకి పోతావన్నమాట" అన్నాడు చివరికి.

"కొన్నాళ్లే. కానీ చెరిపేస్తామన్నది ఇక చెరపరు. చదువు పోతుంది."

"అయితే వెళ్దాం పద. నాకేం తెలీదు, ముసలివాణ్ని, నోటికొచ్చింది వాగాను అంటాను."

ఇక్కడ కజువా వద్దనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ నీలం రంగు నర్సు బట్టల్లో తనని తాను ఎన్నిసార్లు ఊహించుకుందో, ఎన్ని పుస్తకాలు ముందే తెచ్చుకుని చదివేసిందో, అవన్నీ ఆ మాటకి అడ్డం నిలబడ్డాయి. "సరే పెదనాన్నా" అంది.

స్టేషన్లో తర్జుమా చేసే అబ్బాయి వాంగ్ ఇంటిపేరున్న వాళ్ల కుర్రాడు. చెర్‌పావ్‌ని చూడగానే లేచి నిలబడి రెండు చేతులూ కలిపి వంగాడు. వాళ్ల అమ్మ పుట్టింటిది లోర్ ఇంటిపేరే. వాళ్లమ్మా నాన్నా విడిపోబోతే మూడు రోజులు బల్ల దగ్గర కూర్చోబెట్టి కలిపింది ఈ ముసలాయనే. ఆ సంగతి గదిలో ఒక్క హాల్వర్సన్‌కి తప్ప అందరికీ తెలుసు.

పెదనాన్న సూటు వేసుకురాలేదు. తోట చొక్కాలోనే వచ్చాడు.

"మొన్న నేను చెప్పింది ఊహించుకుని చెప్పాను" అన్నాడు. "పెద్దమ్మాయి ఇచ్చిందని నాకెవరూ చెప్పలేదు. ముసలితనం. నా మాట లెక్కలోకి తీసుకోకండి."

కుర్రాడు ముసలాయన వైపు చూశాడు, కజువా వైపు చూశాడు. తర్వాత తల వంచుకుని, బల్ల మీదికి చూస్తూ ఒక్కో ముక్కా ఇంగ్లీషులో పెట్టాడు. నా మాట లెక్కలోకి తీసుకోకండి అన్న చోట అతని గొంతు తగ్గిపోయింది.

"మీరేమైనా చెప్పాలనుకుంటున్నారా?" అని హాల్వర్సన్ కజువాని అడిగాడు.

"లేదండీ" అంది. లాయరు చెప్పిన మాట తూచా తప్పకుండా పాటించింది.

ఫైలు మూతపడింది. దారిలో పెదనాన్న బండి నెమ్మదిగా నడిపాడు. వెనక కార్లు హారన్లు కొట్టినా వినిపించుకోలేదు. ఇంటి ముందు దింపుతూ, "బాగా చదువుకో" అన్నాడు.

పీడ వదిలిందని తల్లి కోడిని కోసి పూర్వీకులకి పెట్టింది. పాన్యా కాలేజీకి వెళ్లిపోయింది. కజువా నర్సింగ్ పుస్తకం తెరిచింది, ఒక పేజీ చదివింది, మళ్లీ అదే పేజీ చదివింది. అంతా బాగానే ఉందని తనకి తాను చెప్పుకుంటూ ఆ వారం గడిపింది.

ఆదివారం పెద్దమ్మకి సాయం చేయడానికి పెదనాన్న ఇంటికి వెళ్లింది. కాసేపటికి దూరపు దాయాదులు రెండు కుటుంబాల వాళ్లు వచ్చారు. ఒకరి కుర్రాడు ఇంకొకరి కారు తీసుకెళ్లి చెట్టుకి గుద్దేశాడు. వాళ్లు అలవాటుగా వంటింటి బల్ల చుట్టూ కుర్చీలు లాక్కున్నారు. పెద్దమ్మ టీ నీళ్లు పెట్టింది. పెదనాన్న ముందు గదిలో సోఫాలోంచి లేవలేదు.

"మీరు వాంగ్ వాళ్ల పెద్దాయన దగ్గరికి వెళ్లండి" అన్నాడు. "ఆయనా బాగానే చెబుతాడు."

"ఒంట్లో బాలేదా అన్నయ్యా?"

"ఒంటికేం, బాగానే ఉంది."

వాళ్లు మొహాలు చూసుకుంటూ వెళ్లిపోయారు. పెద్దమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. "ఏమైంది మీకు? ఇంటికొచ్చిన మనుషుల్ని పంపేస్తారా?"

"మాట తిప్పినవాడు ఇంకొకడి మాట తూచకూడదు. మా నాన్న పెట్టిన నియమం. ఇన్నాళ్లూ ఎంతమందిని ఆ మాటతో బల్ల మీంచి లేపాను నేను? నాకొక నియమం, వాళ్లకొకటా?" ఆ మాటలో కోపం లేదు, ఏడుపూ లేదు. టీవీలో ఎవడో చేపలు పడుతుంటే అటు తిరిగి చూస్తూ కూర్చున్నాడు.

తర్జుమా చేసిన కుర్రాడు బయట చెప్పలేదు. పోలీసులు చెప్పలేదు. ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు. అయినా ఆయన తనకి తానే తీర్పు చెప్పుకుని, తనే అమలు చేసుకున్నాడు. కజువా కూర తరుగుతున్న కత్తి పక్కన పెట్టేసింది. ఆమెకి ఒక్కసారిగా సూపర్ మార్కెట్ కౌంటర్ గుర్తొచ్చింది. మేనత్త నూనె డబ్బా మిషన్ మీద కీచుమనకుండా దాటిపోయింది. చెల్లెలి చేతికి కార్డు దాటిపోయింది. మొన్న ఆ గదిలో పెదనాన్న జన్మంతా కూడబెట్టుకున్న మాట కూడా అలాగే తన ముందు నుంచి దాటిపోయింది, తను చూస్తూ ఊరుకుంది. ఈసారి సంచి తనదే.

ఆయన మీద కోపం పోలేదు. వెళ్లమని ఎవరన్నారని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆ కోపం దేనికీ సరిపోవడం లేదు.

ఏజెంటు జోడీ ప్రిబిల్ దగ్గరికి వెళ్లే రోజు వచ్చింది. ఆవిడ ముక్కుసూటి మనిషి, బల్ల మీద మిఠాయిల గిన్నె పెడుతుంది గానీ తీసుకోమనదు. ప్రతిసారీ అడిగే ప్రశ్నలు అదే వరుసలో అడిగింది. ఉద్యోగం, ఇల్లు, తాగుడు. తర్వాత, "పోలీసులతో పరిచయం" అని చదివి తనే నవ్వింది.

"హాల్వర్సన్ చెప్పాడులెండి. చెల్లెలు చేసిన పని, ఫైలు మూసేశాం అన్నాడు. మంచిది. రాసేసుకుంటున్నాను. ఇంకేముంది, ఈ చలికాలం దాటితే మీరు నా మొహం చూడక్కర్లేదు."

కజువా తల ఊపితే చాలు. ఊపడం కూడా అక్కర్లేదు, కదలకుండా కూర్చుంటే సరిపోయేది.

"అలా రాయకండి" అంది.

జోడీ కలం ఆపింది. కళ్లజోడు తీసింది. "కజువా, నేను మిమ్మల్ని ఏమీ అడగలేదు. ఇక్కడితో ఆపేస్తే నేను ఏమీ విననట్టే. మీకు అర్థమవుతోందా?"

"అవుతోందండీ. కార్డు నేనే ఇచ్చాను. మా పెదనాన్న మొదట చెప్పిందే నిజం."

"తర్వాత చెప్పింది?"

ఆయనకి కొత్త చిక్కు తెచ్చిపెడుతున్నానని కజువాకి అప్పుడు తట్టింది.

జోడీ ఆమె మొహం చూసింది. "సరే. ఆయన సంగతి నేను అడగలేదు, మీరు చెప్పలేదు. నాకు మీ సంగతి చాలు" అంది. మిఠాయిల గిన్నె ఇటు జరిపింది. "లాయరుకి ఫోన్ చేయండి. నేను బయట నిలబడతాను."

జోడీ చేయగలిగినంత చేసింది. నిజం తనంతట తనే చెప్పిందని రాసింది. అందుకే ప్రొబేషన్ రద్దు కాలేదు, కౌంటీ జైల్లో కొద్ది రోజులతో సరిపోయింది. కానీ జడ్జి ఇచ్చిన మాటకి షరతుంది, ఆ షరతు తప్పింది. నేరం రికార్డులో ఉండిపోయింది. నర్సింగ్ కాలేజీ నుంచి మర్యాదగా ఒక జవాబు వచ్చింది, వాతావరణం గురించి తప్ప అన్నీ ఉన్నాయందులో.

విడుదల రోజు తల్లి వస్తుందనుకుంది. గేటు బయట పెదనాన్న బండి ఉంది. ఆమె ఎక్కి కూర్చుంది. సగం ఊరు దాటాక ఆయన అడిగాడు.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"ఎవరూ చెప్పమనలేదు."

"అది నేను నీకిచ్చేసిన మాట. ఇచ్చినదాన్ని వెనక్కి తెచ్చి మొహాన కొడతారా ఎవరైనా?" ఆయనకి నిజంగానే కోపంగా ఉంది.

"అది మీకు పనికొచ్చేది పెదనాన్నా. నా దగ్గరుంచుకుని నేనేం చేసుకుంటాను?"

"చదువుకునేదానివి."

"చదవలేకపోయాను. అదే పేజీ చదువుతూ కూర్చున్నాను."

ఆయన బండి రోడ్డు పక్కకి తీసి ఆపాడు. స్టీరింగ్ మీదికి వంగి ఏడ్చాడు. తమ్ముడి శవం దగ్గర ఏడ్చాక ఆయన ఏడవగా ఎవరూ చూడలేదు. కజువా ఊరుకోమనలేదు. తనకీ ఏడుపొచ్చింది, పోయిన చదువు కోసం, ఆయన కోసం, ఏది ఎంతో తెలియలేదు. లారీలు పక్కనుంచి పోతుంటే బండి ఊగుతోంది.

చొక్కా చేతితో మొహం తుడుచుకుని ఆయన అన్నాడు.

"ఆ కారు గుద్దిన వాళ్ల గొడవ వాంగ్ ఆయన దగ్గర తెగలేదట. ఆదివారం రమ్మంటాను. బల్ల దగ్గర కూర్చునేముందు చెప్పేస్తాను, పోలీసుల దగ్గర ఒకసారి నిజం చెప్పాను, ఒకసారి మాట తిప్పాను, ఎందుకు తిప్పానో ఇదీ అని. అడగకముందే చెప్పాలి కదా. విన్నాక ఉండేవాళ్లు ఉంటారు, పోయేవాళ్లు పోతారు."

"ఎవరూ పోరు పెదనాన్నా."

"పోతే పోనీ. ఖాళీ కుర్చీలకైనా చెబుతాను." గేరు మీద చెయ్యి వేసి ఆగాడు. "నువ్వు కూడా వచ్చి కూర్చో. వంటగట్టు దగ్గర కాదు, బల్ల దగ్గర. నేను జరిగింది జరిగినట్టు చెబుతున్నానో లేదో చూడడానికి ఒకరుండాలి."

ఆ బల్ల దగ్గర తగువు తమదైతే తప్ప ఆడవాళ్లు కూర్చున్నది లేదు, టీ పెట్టడానికే వచ్చేవారు. పెద్దమ్మ ఏమంటుందో, దాయాదులు ఎలా చూస్తారో కజువాకి తెలుసు. అయినా వస్తానంది. ఆయన అద్దంలో వెనక్కి చూసుకుని బండిని రోడ్డెక్కించాడు.